కటింగ్ షాపు అద్దం

మల్లేపల్లి రోడ్డు మీద నాది వెల్డింగు షాపు.
గేట్లు, కిటికీల జాలీలు, బర్ల కొట్టానికి పైపులు.
ఎవల కొలత వాళ్లు చెప్తరు, నేను కోస్త.
మామ కొలత మాత్రం ఎవలు చెప్పలే.
పూలు పండ్ల నాడు నేనే తీసుకున్న, దొంగలెక్క,
టేపు జేబుల్నే ఉంచి, కండ్లతోని.

మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి తాగి
నడుము కాడ మలిగిన మనిషి.
వెన్నుపూసంత ఒక్కటే రాడ్డయింది.
నేను రోజూ ఇనుము వంచుత,
కాల్చి కొడితె మళ్ల నిటారైతది.
మల్సూరు మామ గట్ల గాదు.
నన్ను సూడలే, నా చెప్పులు సూసిండు.
"ఎడమది మడిమ కాడ ఎక్కువరిగింది పిలగా,
చిన్నప్పుడు కాలిరిగిందా?"
ఇరిగింది. మా అమ్మకు తప్ప ఎవలకెరుక లేదు.

ఊరంత ఆయనకు కాళ్లే.
పగుళ్లను బట్టి పేరువెట్టి పిలుస్తడు.
పట్టీల సప్పుడు కంటె ముందు
బొటనవేలు సూసి "నవనీతా, అన్నం తిన్నవా" అంటడు.

కాళ్లు కడుగుడు కాడ పంచాయితి మొదలైంది.
కూసుంటె లేవలేడు, లేస్తె కూసోలేడు.
"పెద్దనాయిన కడుగుతడు తియ్యి" అన్నరు.
నేను నాలుగు మెట్ల పీట చేస్తనన్న.
మీదెక్కి కూసుంటె నా కాళ్లు ఆయన చేతికందుతయి.
పైపులు కోసి పెట్టిన గూడ.
రాత్రి నవనీత ఫోన్ చేసింది.
"మా నాయిన ఇరవై ఏండ్ల సంది కాళ్లే సూస్తున్నడు.
నా పెండ్లినాడు గూడ కాళ్లేనా?"
పెట్టేసింది.

తెల్లారి గ్రైండర్ ఆన్ చేసి ఊకె నిలవడ్డ.

పక్కన కటింగ్ షాపు పెంటయ్య కొత్తద్దాలు పెట్టిస్తుండు,
పాతది ఎనుక గోడకు ఆనిచ్చిండు.
మూలకు పాదరసం ఊడింది, నిండ గీతలు,
ఎన్ని గడ్డాలు సూసిందో.
పీటకని కోసిన పైపులే ఫ్రేముకు సరిపొయినయి.
మోకాలెత్తు కాళ్లు, ఏటవాలుకు రెండు బోల్టులు,
అంచులకు పసుపురంగు పెయింటు.
మా అత్త పెయింటు మీద మళ్ల పసుపు పెట్టింది.

పందిట్ల మామ ముంగట పెట్టినం.
మొదలు ఆయన అందులకు సూడనే లేదు.
నవనీత ఒచ్చి అద్దం మీద వంగింది.
బాసింగం, బుగ్గచుక్క, చెమటకు కారిన కాటుక.
ఎంతసేపు సూసిండో,
వీడియో తీసే పిలగాడు గూడ కెమెరా దించిండు.
"నీకు మీ నాయినమ్మ నొసలొచ్చిందేందే" అన్నడు.

ఇగ ఒక్కొక్కలు.
అక్షింతలేసిన ప్రతోడు ఒచ్చి వంగిండు.
సర్పంచి వంగిండు, గంజిపెట్టిన అంగి ముడతలు పడంగ.
మేనత్తలు వంగిన్రు, కొంగు నోటికడ్డం పెట్టుకోని.
బియ్యపు గింజలు అద్దం మీద పడి టిక్కుటిక్కుమన్నయి.
"ముసలోనివైనవురా జంగయ్యా!"
"నీ పండ్లేడ పొయినయే?"
కాళ్లు ముసలిగైతయని ఆయనకు తెలుసు,
మొఖాలు ఇంతగనం మారినయని ఎవలు చెప్పలే.
ఒక్క గడియ పందిరంత మామలెక్క వంగి ఉన్నది.

నా కాళ్లు పెద్దనాయినే కడిగిండు.
ఆ సంగతి ఎవలకు యాది లేదు.

అందరు బంతికి పోయినంక అద్దంల మామిడాకులు,
వాటెనుక ఇంత ఆకాశం ముక్క.
ఏమంటడో అని దగ్గరికి పొయిన.
"టెంటుకు చిరుగున్నది పిలగా. కిరాయి తక్కువియ్యి."

అప్పగింతలప్పుడు మాత్రం అద్దం దిక్కు మర్లలే.
కొత్త మట్టెలు, పారాణి తడి ఆరని ఆ కాళ్లను
కారు డోరు పడేదాక సూసిండు,
మొఖం కంటె బాగ ఎరుకైన కాళ్లను.

అద్దం వాళ్ల వాకిట్లనే ఉన్నది. పిచ్చుకలు పొడుస్తయి.
బోల్టు తుప్పుపట్టిందని మొన్న ఫోన్ చేసిండు.
ఆదివారం పోవాలె.