పదిహేనో సెకను

ఉత్తర డకోటా ప్రసారకర్తల సంఘం నెలసరి పత్రం
ఈసారి నా చేతిలో అటూ ఇటూ అయింది.
లైసెన్సు రుసుము గడువుని రెండో పేజీకి జరిపాను.
డెవిల్స్ లేక్ వాళ్లు అమ్మజూపిన పాత ట్రాన్స్‌మిటర్
"పనిచేస్తుంది, కాస్త మూలుగుతుంది"
మూడుకి.

మొదటి పేజీలో ఆర్విడ్ హాగెన్.
ముప్పయ్యేళ్లు చివరి పేజీ అడుగున ఒకే వాక్యమై బతికినవాడు:
సాంకేతిక సహాయం, ఏ వేళనైనా.
పక్కనే ఫోన్ నంబరు.

ఏ స్టేషనైనా పదిహేను సెకన్లు మూగబోతే
ఆ ఫోను దానంతటదే మోగేది.
మంచు గడ్డకట్టిన టవరు కిందికి
ఫ్లాస్కులో కాఫీతో, నోటినిండా తిట్లతో
దిగేవాడు.

అంత్యక్రియల నాడు పదకొండింటికి
నలభై స్టేషన్లు మాట ఆపాయి
పద్నాలుగు సెకన్లు.
అంతకు మించొద్దని నేనే అందరికీ రాశాను.

విల్లిస్టన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు
లెక్క తప్పాడు. లేదా ఏడ్చాడేమో.

చర్చిలో సోల్వేగ్ చేతిసంచి మోగింది.
అవతల యంత్రమేనని తెలిసీ
ఆయన అడిగినట్టే అడిగింది:
"ముందు ఫ్యూజు చూశావా, నాయనా?"

ఆ అడుగు వాక్యం దిద్దబోయి
పేరు కొట్టేశాను, నంబరుంచాను.
ఉంచమన్నది సోల్వేగే.
కాఫీ ఎలాగూ
ఇద్దరికి సరిపడా పడిపోతోందట.