మూడో పిలుపు

డోన్ కోర్టులో పద్దెనిమిదేండ్లుగా
నా పని పిలవడం.
పేరు, తండ్రి పేరు, మూడుసార్లు.
పలికితే లోపలికి, పలక్కపోతే వారెంటు.

ఆ బుధవారం తలుపు గడియ లోపలినుంచి పడె.
సుంకన్న.
బేతంచెర్ల నాపబండల గనిలో
మనుషులు ఎక్కిరాకముందే మందు పేల్చిన దినం
కొడుకును పోగొట్టుకున్నోడు.
నడుముకు తువ్వాల, తువ్వాలలో జిలెటిన్ కడ్డీలు.
చేతిలో అగ్గిపెట్టెలు రెండు,
ఒకటి సెమ్మగిల్లితే ఇంకోటి.

"ఎవురూ లేయొద్దండీ" అనె.
అప్పుడు కూడా అండీ మర్చిపోలే.

గని యజమాని వకీలు బల్లకిందికి దూరె.
జడ్జమ్మ నీళ్ల గ్లాసుకు చెయ్యి మూతపెట్టె,
వణుకు మాకు కనపడకుండా.
బయట పోలీసు మైకు: నీకేం కావాలా?

దుడ్లనుకుంటిమి. యజమాని తల అనుకుంటిమి.
నా దిక్కు తిరిగె.
"మాబాషా, నలభైమూడు వాయిదాలు.
నన్ను పిలిస్తివి, వాణ్ని పిలిస్తివి.
నా కొడుకును ఒక్కసారన్నా పిలిస్తివా?"

సచ్చినోళ్లను పిలిచే రూలు లేదు.
చెప్పబోయి, బండల మీద ఆయన వట్టి కాళ్లు చూస్తి.
కిటికీ కాడికి పోయి గొంతు సవరించుకుంటి.

"సుంకన్న కొడుకు మద్దిలేటీ..."
వరండాలో మాటలు ఆగె.
"సుంకన్న కొడుకు మద్దిలేటీ..."
మూడోసారికి నాకు గొంతు పెగల్లే.

మూడోది ఆయనే పిలిచె.
అది కోర్టు పిలుపు కాదు,
మాపటేళ బువ్వకు పిలిచే పిలుపు.

తువ్వాల విప్పి నా చేతిలో పెట్టె.

ఇప్పుడు ముద్దాయి సుంకన్నను పిలిచేది నేనే.
రెండుసార్లు పిలిచి
కాసేపు ఊరకుంటా.
బెంచి గుమస్తా గడియారం సూస్తాడు.