జిలేబి గుర్తు

పత్తికొండ బస్టాండు ఎదురుగా
ఎరువులంగడికీ చెప్పులంగడికీ నడుమ
మంచమంత జాగాలో మా నెట్ సెంటరు.
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు.
ఎండాకాలం ఫ్యాను ప్రింటరుకే, నాకు కాదు.

డ్రాయరులో నీలం అట్ట నోటుబుక్కు.
ఊర్లో సగం మంది తాళంచెవులు
అందులో నా చేతిరాతలో ఉండాయి.

"పాస్‌వర్డంటే ఏందిమ్మే?" అంటారు.
నీకు తప్ప ఎవురికీ తెలియని మాట మామా అంటే
"అట్లయితే నువ్వే ఒకటి పెట్టు తల్లీ" అంటారు.

పెద్దక్షరం ఉండాల, అంకె ఉండాల, గుర్తు ఉండాల.
తోక చుట్టుకున్న అక్షరాన్ని మావోళ్లు జిలేబి అంటారు,
అడ్డం రెండు నిలువు రెండు గీతల్ని ముగ్గంటారు.
జిలేబి పెట్టమంటావా ముగ్గెయ్యమంటావా అని అడుగుతా.
ఖాజాబీ అత్తది ఎప్పుడూ జిలేబే.
షుగరొచ్చినప్పటి నుంచి
ఆమెకు దొరికే జిలేబి అదొక్కటే.

సుంకన్న తాత
పదేండ్ల కింద సచ్చిపోయిన కోడె పేరు పెట్టినాడు.
నేను టైపు చేస్తాంటే భుజం మీంచి తొంగిచూసి
ప్రతిసారీ "హై" అని అదిలిస్తాడు.

డిగ్రీ చదివే మునిస్వామిది
మూడు నెల్లకొకసారి మారుతాది.
దసరాకు అఖిల, ఉగాదికి మేఘన,
ఇప్పుడు వట్టి అంకెలు.
ఏమైందబ్బా అని నేనడగలా.
హాల్‌టికెట్టు ప్రింటుకు డబ్బులు తీసుకోలా, అంతే.

నేను నేర్చుకున్నది ఆదోనిలో, ఆరు నెలల కోర్సు.
కంప్యూటరు ఒకటి, మేం ముగ్గురం.
మౌసు ఒకదానికి, కీబోర్డు ఇంకోదానికి,
మూడోదానికి చూసే పని.
నేను మూడోదాన్ని.
పరీక్షలో అడిగినారు, పాస్‌వర్డు ఎట్లా కాపాడుకోవాలని.
ఎక్కడా రాయరాదు, ఎవరికీ చెప్పరాదు అని రాసినా.
రెండుకు రెండు మార్కులు.

గిడ్డయ్య మామది మొదట్లో బోరు4.
ఆ యేడు అది దుమ్ము తోలింది.
మర్సిపోయినా అని వచ్చినప్పుడల్లా
అంకె ఒక్కటే మార్చినా.
బోరు5. బోరు6. ఏడు కాడ నిలిచింది.
ఎనిమిది పెట్టమంటావా మామా?
"వద్దులేమ్మే, ఏడే ఉండనీ."

పుష్యమాసంలో మొగుడూ పెండ్లామూ
మిరప కోతలకు గుంటూరు సుగ్గికి పోయిరి.
కూతురు ఉరుకుందమ్మ హాస్టలు నుంచి పరిగెత్తుకోనొచ్చింది.
స్కాలర్‌షిప్పుకు ఈ పొద్దే ఆఖరు, సాయంత్రం అయిదు దాకే.
ఓటీపీ పోయేది నాయన ఫోనుకు.
ఫోనుండేది ఆడ చేనిగట్టు మీద సద్దిమూటలో.
పది నిమిషాలకే ఆ అంకెల పానం పోతాది.

మొదటి పది పోయినాయి.
ఇంకో పది పోయినాయి.
నాలుగు నలభైకి ఎత్తినాడు.
వెనకాల ఎవురో ఒకటే తుమ్ముతాండారు.
మామకు అంకెలు ఒక్కోటే వస్తాయి.
"నాలుగు." తుమ్ము. "సున్న."
"ఏడు. ఏడేమ్మే, మన ఏడే."
మిగతా మూడూ దగ్గుల్లోంచి ఏరుకున్నా.

తెర మీద చిన్న చక్రం తిరిగింది.
కరెంటు పోతాదేమోనని
ఇద్దరం బల్బు దిక్కు చూస్తిమి.
పచ్చ టిక్కు పడింది.
ఆ పిల్ల నవ్వలా, ఏడ్వలా.
"ప్రింటు నేను తీస్తాక్కా, యాడ నొక్కాలో చూపి" అనింది.
కుర్చీ ఇడ్సి పక్కన నిలబడినా,
మళ్లీ మూడోదాని మాదిరి.

ఓనరు అంటాడు, ఆ బుక్కు కాల్చెయ్,
యాడన్నా పోతే నీ మీదికొస్తాది.
నిజమే. రెండు మార్కుల నిజం.
కాల్చలేక
ఎవురి పేజీ వాళ్లకు చించి ఇస్తాండా.
సుంకన్న తాత మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు.
ఖాజాబీ అత్త తీసుకోలా.
"నా జిలేబి నీకాడే ఉండనీ బేటీ."
గిడ్డయ్య మామ పేజీ అట్లే ఉండాది,
సుగ్గి ఇంకా అయిపోలా.

నాదేందంటారా?
ఆ బుక్కులో లేదు.
అడగబాకండి.