చేదుకట్టు

సెంట్రిఫ్యూజ్ ఆగినంక మూత తీస్తే
అడుగున నెత్తురు, పైన సీరం.
ఎప్పుడైతే ఎండుగడ్డి రంగుంటది.
గణపత్‌జీది
మాగిన బత్తాయి తొక్కలెక్క మెరిసింది.
మిషన్ల పెట్టకముందే నాకు తెలిసింది,
అయినా పెట్టిన.
కన్ను చెప్పిందాన్ని అంకె ఒప్పుకోవాలె గదా.

దేవరకొండ పాత బస్టాండు కాడ
మా ల్యాబుకు ఎదురుంగనే ఆయన మాంసం దుకాణం.
పదకొండేండ్ల సంది చూస్తున్న,
ఆదివారం పొద్దుగాల గొర్రె కడుపు చీల్చి
కార్జం కింద రెండు వేళ్లు పెట్టి
ఆ పసరు సంచిని, చేదుకట్టును,
పసిగుడ్డును ఎత్తినట్టు ఎత్తుతడు.
అది పగిలిందా, కార్జమంతా విషమే.
ఆయన పగలగొట్టంగ నేనెన్నడూ చూడలే.

కార్జం చూసి గొర్రె బతుకు చెప్తడు:
ఇది మడుగుల మేసింది, జలగలున్నయి,
ఇది మంచిగ పెరిగింది, కత్తి ఎట్ల జారుతుందో చూడు,
ఇది రాయిలెక్క గట్టివడ్డది, పాతిపెట్టు.
నేను కాగితం మీద చెప్పేది గూడ అదే,
వాసన లేకుంట.

ఎదురుంగ ఉండి గూడ
ఇరువై రోజులు ఆయన తొవ్వ దాటలే.
దిండి అవతల ఎవరితోనో పసరు పోయించుకున్నడు,
ఉప్పుకారం మానిండు.
మణికట్టు మీద రూపాయంత వాత, ఇంకా పచ్చిగనే ఉన్నది.
ఊరు ఊకుంటదా?
"రాత్రిపూట తాగకుంట ఉంటడా?" అన్నది.
కల్లు ముంత గూడ ముట్టని మనిషి.
అంబుబాయి ఆ మాటకు బదులియ్యలే,
ఆయన అంగీ పైకెత్తి వీపు చూపించింది.
దురదకు గీరి గీరి
నాగలి దున్నినట్టు ఎర్రటి చాళ్లు.

బిలిరుబిన్ పద్నాలుగు,
అండ్ల పదకొండు డైరెక్టు.
ఎస్‌జీపీటీ నూటపది.
ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తొమ్మిదొందలు.

తాగుడైతే
ఎస్‌జీఓటీ ముందు నడుస్తది, ఎస్‌జీపీటీ వెనక,
సంతకు పోయే ఆలుమగల లెక్క.
నీళ్ల కామెర్లయితే రెండూ వేలల్ల ఎగుస్తయి.
వానల్ల పైపు పగిలినప్పుడు
హాస్టలు పిల్లలయి గట్లనే ఎగిసినయి,
పసరు తాగినోళ్లకు, తాగనోళ్లకు
నెల తిరిగేసరికి వాటంతటవే దిగినయి.
పేరు మాత్రం పసరుకొచ్చింది.
ఈ అంకెలు గవి కావు.
ఇది చెడిపోయిన కార్జం కాదేమో,
బయటికి తొవ్వ దొరకని కార్జం.

రిపోర్టు వివరం చెప్పుడు నా పని కాదు.
అయినా గోడకానుకొని అడిగిండు:
"కామెర్లోనికి లోకమంత పచ్చగ కనవడ్తదంటరు గదా బిడ్డా,
నాకు తెల్లది తెల్లగనే కనవడ్తున్నది.
లోకానికే నేను పచ్చగ కనవడ్తున్న."

పచ్చ.
మామిడాకుకు అదే మాట, పసుపుకొమ్ముకు అదే మాట,
పచ్చగ బతుకుమన్న దీవెనకు,
ఈయన కండ్లకు.

"దొడ్డికి ఏ రంగుల పోతున్నవ్ పెద్దాయనా?"
తల దించుకున్నడు. "సున్నం లెక్క."
"ఒంటికి?"
"చిక్కటి డికాషన్."

నల్లగొండల స్కాను తీస్తే రాయి దొరికింది.
శనివారం ఫిల్ము పట్టుకొని మళ్ల నా దగ్గరికే వచ్చిండు.
కవరు వెనక బొమ్మ గీసిన:
కార్జం, దాని కింద సంచి, సంచి నుంచి సన్నటి నాళం,
నాళం మూతి కాడ ఒక చుక్క.
శానాసేపు చూసిండు.
కత్తి పట్టి కాయలు గాసిన వేలు
చుక్క దగ్గరికి వచ్చి ఆగింది.
"ఈ జాగ నాకు ఎరుకే," అన్నడు, "ఈడ కత్తి పెట్టొద్దు."

కత్తి పెట్టరట,
హైద్రాబాదుల నోట్లె నుంచి పైపు పంపి తీస్తరట,
డాక్టరు సారు చెప్పినదే నేనూ చెప్పిన.

ఫిల్ము చుట్టచుట్టి చంకల పెట్టుకున్నడు.
గడప దిగి, మళ్ల వెనక్కి తిరిగి:
"ఆ తీసెటాయన
చెయ్యి నిదానమున్నోడేనా?"

నాకు తెల్వదు.
నా మిషన్ల ఆ పరీక్ష లేదు.