తేట

మా పక్క గాలిలో నీళ్లుండాయంటే
మా జేజి నమ్మేది కాదు.
ముద్దనూరు మీద మబ్బు కనపడితే
అది కూడా ఎవురిదో పొగేమోలే అనేది.

కానీ ఉండాయి.
ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో, సున్నపుదుమ్ము మధ్యన,
స్క్రూ కంప్రెసర్ గాలిని పట్టి ఏడింతలు పిండితే
పోలీసుల ముందర ఒప్పుకున్నట్టు
గాలి తన నీళ్లు కక్కేస్తుంది.
ఎండకాలం షిఫ్టుకు రెండు బకెట్లు.
శ్రావణంలో ఏడు.
వాన మా చేలకు బాకీ పడిన ఏండ్లలో కూడా
ఈ రూములో డ్రెయిన్ వాల్వు మాత్రం
పది నిమిషాలకొకసారి
ఛీ... అని ఉమ్మేది.

నా పేరు హుసేనప్ప. పందొమ్మిదేండ్ల ఆపరేటర్ని.
ఆ ఉమ్మిన నీళ్ల రంగు చెప్తా వినండి:
మూడు దినాల మజ్జిగలో సైకిలు చైను జాడించినట్టు.

షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కు నింపుతాను.
ప్రెషరు ఎంత, వేడి ఎంత, ఎన్ని గంటలు తిరిగింది.
ఆయిలు ఎంత తగ్గింది అని ఒక గడి ఉంది.
తగ్గింది యాడికి పోయింది అనే గడి లేదు.

యాడికి పోయిందో గోడకు తెలుసు.
గోడ కింద అరచెయ్యంత కన్నం.
కన్నం దాటితే కాలవ, కాలవ దాటితే తుమ్మకంప,
కంప దాటితే వంక.

నూనెనూ నీళ్లనూ వేరుచేసే పెట్టె ఒకటి మూలన ఉండేది.
దాని బొగ్గు సంచి మార్చి నాలుగేండ్లు.
ఇండెంటు పెడితే స్టోర్సాయన నవ్వినాడు:
"గాలికి వచ్చిన నీళ్లకు బొగ్గు కొంటారా ఎవురన్నా?"

మాఘంలో ఒకపొద్దు గేటు కాడికి గొర్ల సుంకులమ్మ వచ్చింది.
చేతిలో సత్తు చెంబు.
వంక ఇసుకలో తను తీసుకున్న చెలమలో ముంచినవి.
చెంబు కదిలితే నీళ్ల మీద
నెమలి మెడకు ఎండ తగిలినట్టు రంగులు.
చూడను బాగుండాయి. అదే భయమేసింది.
"గొర్రె మూతి పెట్టి తీసేస్తాంది నాయనా.
మీయేనా చూడు."
తిట్టలేదు. పారేసుకున్న వస్తువు తెచ్చిచ్చినట్టు
చెంబు వంచి నా దోసిట్లో పోసింది.

తుడుచుకుంటే పోలే. సబ్బు పెడితే పోయింది.
సబ్బునీళ్లు మళ్లా అదే కన్నంలోకి.

ఆ రాత్రి సీసాకు పట్టి కిటికీలో పెట్టినా.
తెల్లారినా తేరలేదు.
మా జేజి కడవ లోపల చిల్లగింజ అరగదీసేది,
చెరువు బురదంతా అడుగుకు పోయి
పైన తేట నిలిచేది.
బజారంతా అడిగి ఒక గింజ తెచ్చి నేనూ అరగదీసినా.
దుమ్ము దిగింది. నూనె దిగలే.
నూనె సంగతి అంతే,
ఎంత చెడగొట్టినా పైనే ఉంటుంది.

స్కేలు తీసుకొని లాగ్‌బుక్కులో
చివరి గడి పక్కన ఒక గీత గీసినా.
పైన "నీళ్లు" అని రాసినా.
కింద: నలభై ఆరు లీటర్లు. నూనెతో. వంకకు.
సంతకం.
రెండో షిఫ్టు ఓబులపతి చూసి, రోంతసేపు పెన్ను కొరికి,
ముప్పై ఎనిమిది అని వేసినాడు.
మూడో షిఫ్టు పిల్లోడు ఏమీ అడగకుండానే వేసినాడు.

నెల తిరిగి కూడిక కనపడినాక
పైవాళ్లకు ముందు కన్నం గుర్తుకు రాలే,
పేజీ చించమన్నారు.
నంబర్లు వేసిన పుస్తకమది. చిరగలే.

పెండ్లి అయిపోయినాక దిగిన చుట్టాల మాదిరి
ఆరు బొగ్గు సంచులు వచ్చినాయి.
కన్నానికి సిమెంటు మెత్తినాము. సిమెంటుకు మాకేం కరువు.
ఇప్పుడు పెట్టెలో నూనె తేలి డబ్బాలోకి పోతుంది,
డబ్బా నిండితే మూత బిగించి లారీకి.
కింది నీళ్లు బొగ్గులో ఇంకుతా దిగి
సన్న పైపున సీసాలో పడతాయి.
ట్యూబులైటుకు ఎత్తి చూస్తే
సీసా అవతల నా బొటనవేలి గీతలు కనపడతాయి.

"తాగుతావా?" అంటాడు ఓబులపతి.
తాగను.
కొలుస్తా. తాగను.

సుంకులమ్మ ఇప్పుడు వంకలో
నూరడుగులు పైకి పోయి చెలమ తీసుకుంటాంది.
ఇంగ కిందికి రావచ్చు అని
నేను ఇంకా చెప్పలేదు.
ఇసుక ఎన్నాళ్లకు మర్చిపోతుందో
దానికి గడి గీయను నాకు చేతకాదు.