తెల్ల అట్ట

లాం ఫారంలో మిరప పూతకొచ్చింది.
మస్తాన్‌బీ మిట్టమధ్యాహ్నం పూలు దులిపి
తెల్ల అట్ట మీద తామర పురుగుల్ని లెక్కపెడుతోంది.
పన్నెండు. తొమ్మిది. పదకొండు.
నోటుబుక్కులో అంకెలు ముత్యాల్లా ఉన్నాయి,
అన్నీ తప్పు.

ఎండెక్కితే పురుగు పూవు అడుక్కి దిగుతుందని
నాకు తెలుసు. ఒక్క మాట చాలు.
ఆ మాటని బుగ్గన లవంగంలా పెట్టుకుని
మూడు వారాలు తిరిగాను.

ఎందుకంటే
వీరాంజనేయులికి అన్నీ చెప్పాను,
మందు మోతాదు నుంచి కామా ఎక్కడ పెట్టాలో దాకా.
పట్టా వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.
ఇప్పటికీ ఫోన్ చేసి
"ఇప్పుడేం చెయ్యమంటారు మేడం?" అంటాడు.
ఎలీషాకి ఏమీ చెప్పలేదు.
నీళ్లలో దిగినవాడికి ఈత అదే వస్తుందనుకున్నాను.
రెండో ఏడు, నేను క్లాసులో ఉన్న వేళ చూసి
హాస్టల్ తాళంచెవి నా బల్ల మీద పెట్టి
వెళ్లిపోయాడు.

క్లాసు సుళువు.
గంట కొడతారు, వెనక నల్లబల్ల దన్నుగా ఉంటుంది,
తెలిసింది చెప్పి చేతులు దులుపుకోవచ్చు.
చేను గట్టు మీద గంట కొట్టేవాళ్లుండరు.

నాలుగో సోమవారం తనే పరిగెత్తుకొచ్చింది,
చెప్పుల నిండా నల్లమట్టి, సగం ఊడిన జడ.
"పొద్దున ఆరింటికి చూశా మేడం, నలభై మూడు!"
నవ్వాను.
ఆ నవ్వే నన్ను పట్టిచ్చింది.
"మీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.
సొంతంగా కనుక్కోవడంలో ఉండే ఆనందం గురించి
ఏదో మొదలుపెట్టాను.

"మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తది మేడం.
కిలోకింత అని ఇస్తారు.
మూడు వారాలంటే ఎన్ని కిలోలో
మీకు తెలీదు."

పక్క కల్లంలోంచి గాలి ఇటు మళ్లింది.
ఇద్దరికీ దగ్గొచ్చింది.
కళ్లు తుడుచుకోవడానికి
గుంటూర్లో సాకు వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు ఆరింటికి నేనూ వెళ్తున్నాను.
మంచుకి చీర అంచు మోకాలి దాకా తడుస్తుంది.
పూవు తను దులుపుతుంది.
అట్ట నేను పట్టుకుంటాను, చెయ్యి కదలకుండా.
నాకు ముప్పై ఒకటి కనిపిస్తాయి.
తను ముప్పై నాలుగంటుంది.
కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్లీ చూస్తాను,
ముప్పై ఒకటే.
మిగతా మూడూ ఎక్కడే అంటే
"చూడండి మేడం" అంటుంది.

చెప్పదు.
పెన్ను మొన మాత్రం
అట్ట అంచు దాకా తెచ్చి
ఆపుతుంది.