మూడో గడి

గ్రిమ్స్‌బీలో సూపర్‌మార్కెట్ వెనక
ట్రాలీల వరసకీ చెత్తడబ్బాలకీ మధ్య
మా తెల్ల వ్యాను ఆగి ఉంటుంది.
పొద్దున్నే ఏడున్నరకి, ఇంకా ఎవరూ రాకముందు
యంత్రం పలకల మధ్య ఒక ప్లాస్టిక్ దిమ్మ పెడతాను.
దానికి నొప్పి లేదు, సిగ్గు లేదు,
చలికి ముడుచుకోదు.
లోపల ఆవగింజలో పదోవంతు నలుసులు దాచారెవరో.
ఎన్ని కనిపిస్తే యంత్రం అంత మంచిది.
నిన్న పదకొండు. ఇవాళ పదకొండు.
పుస్తకంలో రాసి సంతకం పెడతాను.

తొమ్మిదింటికి గ్లెనిస్ వస్తుంది.
టీ కప్పుని రెండు చేతులా పట్టుకుని
వేళ్ళు వెచ్చబడ్డాకే మొదటావిణ్ణి పిలుస్తుంది,
ఇరవై రెండేళ్ళుగా.
మళ్ళీ తీసిన ఫోటోలు నూటికి మూడు దాటకూడదు,
ఉత్తరం రెండు వారాల్లో చేరాలి,
అన్నిటికీ నా ఫారంలో గడులున్నాయి.
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు మధ్యనుంచి పరిగెత్తుకొచ్చినావిడ
"వాసనొస్తున్నానా?" అంటే
"నాకు జలుబమ్మా" అని గ్లెనిస్ ఆడిన అబద్ధానికి
మార్కులెక్కడ వెయ్యను?

మధ్యాహ్నం ఆస్పత్రిలో చీకటి గది.
పేర్లుండవు, అంకెలే.
అంతా బాగుందని మేం ఉత్తరం రాసిన పద్నాలుగు నెలలకి
స్నానాల గదిలో, సబ్బు చేతికి గడ్డ తగిలిన ఒకావిడ.
అప్పటి ఫోటో ఎడమన, ఇప్పటిది కుడిన.
డాక్టర్ ఫెన్విక్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
ముక్కు తెరకి తగిలేంత ముందుకు వంగాడు.
ఆనాడు చూసిన ఇద్దరిలో ఆయనొకడు.

అప్పుడు కనిపించేదా?
తెలిసిన కంటికి ఇప్పుడుంది,
పాలల్లో పడ్డ వెంట్రుకలాంటి గీత.
తెలియని కంటికి
ఆ ఉదయం చూసిన నూటనలభై పాలగిన్నెల్లో
అదీ ఒక పాలగిన్నె.

గడులు మూడే.
చూడ్డానికేమీ లేదు, ఒకటి.
ఉంది గానీ ఎవరైనా దాటిపోయేవారు, రెండు.
చూసి ఉండాల్సింది, మూడు.
లింకన్ నుంచి వచ్చిన డాక్టరమ్మ రెండంది.
ఆవిడది జాలి కాదు, నిజంగానే అనుకుంది.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
నా చేతిలో పెన్ను తీసుకుని
మూడులో టిక్కు పెట్టాడు.

ఈ మూడు నెలల లెక్కలో మా శాతం చెడింది.
పై ఆఫీసు కారణం అడిగింది.
రాయడానికి రెండంగుళాల చోటిచ్చింది.
ఒక మనిషి తన కంటిని తనే కొలుచుకున్నాడని
అందులో పడుతుందా?
ఖాళీగా వదిలి ఇంటికెళ్ళాను.

మర్నాడు ఏడున్నర. దిమ్మలో పదకొండు.
సంతకం పెట్టబోయి ఆగి
మళ్ళీ ఒకసారి చూశాను,
పన్నెండోది ఉందేమోనని.